తెర ఎత్తే తాడును చూసి ఎన్నాళ్లయింది?

ఆడపిల్ల డాన్సు ప్రోగ్రాం అంటే ఇంట్లో పెళ్లి హడావిడే! గజ్జెలు సరిచూడాలి. పూలజడ కుట్టించాలి. పట్టుబట్టలు ఇస్త్రీ చేయించాలి. మేకప్ ఆవిడకి వారం ముందే చెప్పుకోవాలి. స్టేజీ మీద ఎక్కడైనా మేకు లేచి ఉందేమోనని వంగి మరీ చూస్తాం. ఇన్ని చూసుకునే మనం చూడనిది ఒకటుంది. పాప నెత్తిమీద ఏం వేలాడుతోందో చూడం!

నిజం చెప్పాలంటే నేనూ చూడలేదు... మా చిన్నమ్మాయి కూచిపూడి క్లాసు వార్షికోత్సవం వచ్చేదాకా. ముందురోజు సాయంత్రం రిహార్సలు. పన్నెండుమంది పిల్లలు వరసగా నిలబడి నమస్కారం చేస్తున్నారు. ఉన్నట్టుండి పైన ‘కిర్రు’మని చప్పుడు. లైట్లు కట్టిన ఇనుప పైపు ఒకవైపు మూరెడు కిందికి జారి, వంకరగా ఆగిపోయింది. మాస్టారు ఒక్క కేక వేసి పిల్లలందర్నీ వింగులోకి లాగేశారు.

ఎవరికీ ఏమీ కాలేదు. కాకపోవడం మా అదృష్టం. అంతకుమించి అందులో ఎవరి గొప్పతనమూ లేదు.

తర్వాత స్టేజీ పక్కన ఉండే పెద్దాయన్ని అడిగాను. “బాబాయ్, ఈ తాడు ఎప్పుడు కట్టారు?” అని. ఆయన తడుముకోకుండా, “నేను పన్లో చేరేటప్పటికే ఉందమ్మా. నేను చేరి పద్దెనిమిదేళ్లు” అన్నాడు.

ఆ మాట ఆ రాత్రి నన్ను నిద్రపోనివ్వలేదు. పద్దెనిమిదేళ్లలో మన ఇంట్లో బట్టలారేసే తాడు ఎన్నిసార్లు మార్చి ఉంటాం? మరి పిల్లల నెత్తిమీది తాడును ఎందుకు మార్చలేదు? అదేం ఖరీదైన యంత్రమా అంటే కాదు. దాన్ని చూడాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు, అంతే!

స్టేజీ పైన ఏముంటుంది?

హాల్లో కూర్చున్న మనకు కనిపించేది స్టేజీలో సగమే. మిగతా సగం పైన ఉంటుంది. ముందు తెర, వెనక తెర, పక్కల వింగులు, పైన అడ్డంగా జాలరులా కనిపించే చిన్న తెరలు, వాటి మధ్య లైట్ల వరసలు... ఇవన్నీ అడ్డంగా కట్టిన ఇనుప పైపులకు వేలాడతాయి. ఒక్కో పైపుకీ నాలుగైదు తాళ్లుంటాయి. అవి పైకప్పు దగ్గరున్న గిలకల మీదుగా పక్కకి వచ్చి, గోడ దగ్గర కిందికి దిగుతాయి. అక్కడ నిలబడి లాగితే పైపు లేస్తుంది. వదిలితే దిగుతుంది.

బావి గిలక గుర్తొచ్చిందా? అదే! చేద బదులు తెర. అంతే తేడా. అయితే బావిలో చేంతాడు తెగితే చేద నీళ్లలో పడుతుంది. ఇక్కడ తెగితే కింద పిల్లలుంటారు.

బరువు కూడా తక్కువేం కాదు. స్టేజీ లైటు ఒక్కోటి ఐదు నుంచి పది కిలోల దాకా ఉంటుంది. ఒక పైపుకి పది లైట్లు కడితే, వైర్లూ పైపూ కలుపుకుని వంద కిలోలు సులువుగా దాటిపోతుంది. పైగా ఇప్పుడు ప్రతి ఫంక్షన్‌కీ ఎల్‌ఈడీ తెరలు వచ్చాయి. అవి వందల కిలోలు తూగుతాయి. గుడ్డ తెర కోసం కట్టిన పైపుకి ఎవరూ ఆలోచించకుండా వాటిని తగిలించేస్తే... ఆ పైపు నోరు తెరిచి చెప్పలేదు కదా!

సురభి వారి తాళ్లు

తాళ్లతో, తీగలతో స్టేజీ మీద అద్భుతాలు చేసినవాళ్లు మన తెలుగువాళ్లలోనే ఉన్నారు. సురభి నాటకాలు చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు. ఇద్దరు వీరులు వేసిన బాణాలు నిప్పులు చిమ్ముతూ ఆకాశంలో ఢీకొంటాయి. ‘మాయాబజార్’లో లడ్డూలు వాటంతటవే ఘటోత్కచుడి నోట్లోకి వెళ్లిపోతాయి. పిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. పెద్దవాళ్లు మాత్రం తీగ ఎక్కడుందా అని వెతుకుతారు!

1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు ‘కీచకవధ’తో మొదలుపెట్టిన సమాజం అది. వాళ్లవి అంతకుముందు తోలుబొమ్మలాట ఆడించిన కుటుంబాలు. ఆడవేషాలు మగవాళ్లే వేసే ఆ రోజుల్లో ఆ ఇళ్లలోని ఆడవాళ్లు ధైర్యంగా స్టేజీ ఎక్కారు. 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఆ కుటుంబాల నుంచి వచ్చినావిడే. ఒకప్పుడు ముప్పైకి పైగా సమాజాలుగా విస్తరించి ఊరూరా తిరిగారు. 1937లో మొదలైన శ్రీ వెంకటేశ్వర నాట్యమండలిని ఎన్నో ఏళ్లు నడిపిన ‘సురభి బాబ్జీ’ రేకందార్ నాగేశ్వరరావుకు 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో కన్నుమూశారు.

ఈ కథంతా ఎందుకంటారా? వాళ్లు ఒక ఊళ్లో నాటకాలు ముగించుకుని ఇంకో ఊరు వెళ్లాలంటే స్టేజీ మొత్తం విప్పాలి. స్తంభాలు, తెరలు, గిలకలు, తాళ్లు, తీగలు అన్నీ విడివిడిగా మూటకట్టి, కొత్త ఊళ్లో మళ్లీ కట్టాలి. అంటే ప్రతి తాడూ ఎవరో ఒకరి చేతుల్లోంచి వెళ్తుంది. ఎక్కడ పీచు లేచింది, ఎక్కడ మెత్తబడింది అన్నది అరచేతికే తెలిసిపోతుంది. పైగా ఆ తాడుకు వేలాడేదీ, కింద నిలబడేదీ సొంత మనుషులు. భార్యో, కొడుకో, బాలకృష్ణుడి వేషం వేసిన మనవడో! అనుమానం ఉన్న తాడు కట్టడానికి చేతులు ఎలా వస్తాయి?

ఇప్పుడు మన ఊళ్లలోని పక్కా హాళ్ల సంగతి చూడండి. సిమెంటు భవనం, మెత్తటి కుర్చీలు, ఏసీ అన్నీ ఉంటాయి. కానీ పైన తాడు ఒక్కసారి కట్టాక విప్పే పనే లేదు! విప్పే పని లేదు కాబట్టి చూసే పనీ ఉండదు. రేకుల షెడ్డులోని తాడుని ఊరు మారినప్పుడల్లా పట్టి చూశారు. లక్షలు పోసి కట్టిన హాల్లోని తాడుని పద్దెనిమిదేళ్లు ఎవరూ ముట్టుకోలేదు. స్టేజీని ‘ఆధునికం’ చేయడం గురించి మాట్లాడేముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోవాలి.

మూడు తరాల తాళ్లు

స్టేజీ తాళ్ల పద్ధతులు ముఖ్యంగా మూడు రకాలు. మొదటిది అన్నిటికంటే పాతది. నార తాళ్లు, గిలకలు, మనుషుల బలం. పైపును పైకి లాగి, తాడు కొసను కొయ్య గూటాలకి ఎనిమిది అంకె ఆకారంలో చుట్టి ఆపుతారు. బరువు మరీ ఎక్కువైతే రెండోవైపు ఇసుక మూటలు కడతారు. పాశ్చాత్య దేశాల్లో ఈ పనికి ఓడల్లో తెరచాపలు ఎత్తి అలవాటున్న మనుషులు వచ్చేవాళ్లని చెబుతారు. వాళ్లు ఈలలతో సైగలు చేసుకునేవాళ్లట. అందుకే స్టేజీ మీద ఈల వేయకూడదన్న నమ్మకం అక్కడ పుట్టిందంటారు. ఊరికే ఈల వేస్తే నెత్తిమీద తెర పడుతుందని భయం!

నార తాడుకి ఓ గుణం ఉంది. వానాకాలం తేమ పీల్చుకుని బిగుస్తుంది. ఎండాకాలం సడలుతుంది. పైకి బాగానే కనిపిస్తూ లోపల పుచ్చిపోతుంది. దాని బదులు బజార్లో దొరికే ప్లాస్టిక్ తాడు కడితే పోలేదా అంటారు కొందరు. అది లైట్ల వేడికి మెత్తబడుతుంది, ముడి జారుతుంది. నైలాన్ తాడు బలమైనదే కానీ బరువు పడితే సాగుతుంది. సమంగా కట్టిన పైపు మర్నాటికి ఒక పక్కకి ఒరుగుతుంది.

రెండోది ఎదురు బరువుల పద్ధతి. దీన్ని మన రైతులకి కొత్తగా నేర్పక్కర్లేదు. ఏతం చూశారుగా? దూలానికి ఒకవైపు బాన, రెండోవైపు బరువు. రెండూ ఇంచుమించు సమంగా ఉంటే నీళ్లు తోడటం తేలిక. ఇక్కడా అంతే. పైపుకి ఇనుప తీగలతో పేనిన తాళ్లు కడతారు. అవి పై గిలకల మీదుగా వచ్చి గోడ పక్కనున్న ఒక చట్రానికి చేరతాయి. ఆ చట్రంలో ఇనుప దిమ్మెలు పేరుస్తారు. తెర నూట యాభై కిలోలుంటే దిమ్మెలూ అంతే. అప్పుడు పక్కనున్న చేతి తాడును ఒక్క మనిషి మెల్లగా లాగితే చాలు, తెర లేచిపోతుంది. ఇక్కడ కావలసింది కండబలం కాదు, తూకం!

అయితే ఆ తూకం తప్పితే ప్రమాదమూ అంతే పెద్దది. పైపు కిందికి దించినప్పుడు చట్రం పైన ఉంటుంది. అందుకని ఎక్కించేటప్పుడు ముందు కింద పైపుకి తెర కట్టాలి, తర్వాతే పైన దిమ్మెలు పెట్టాలి. దించేటప్పుడు ముందు దిమ్మెలు తీయాలి, తర్వాతే తెర విప్పాలి. ఈ వరస తారుమారైతే పైనున్న చట్రం కిందికి దూసుకొస్తుంది, పైపు పైకి ఎగిరిపోతుంది. అప్పుడు చేతి తాడు పట్టుకుని ఆపడం ఎవరి తరమూ కాదు. అరచేతులు కాలిపోవడమే మిగులుతుంది. తాడు దగ్గర బిగించే మీట ఒకటి ఉంటుంది కానీ, అది సమంగా తూగే బరువును కదలకుండా ఆపడానికే. తూకం తప్పిన బరువును పట్టి ఉంచడానికి కాదు.

మూడోది మోటార్లు. బటన్ నొక్కితే తెర లేస్తుంది, దిగుతుంది. కంప్యూటర్‌తో కలిపితే ఏ తెర ఎంత ఎత్తులో ఆగాలో ముందే చెప్పి పెట్టొచ్చు. ఎంత చక్కటి ఏర్పాటు అనిపిస్తుంది. నిజంగా చక్కటిదే. కానీ చేతికి ఉన్న ఒక తెలివి మోటారుకి లేదు.

చేతికి తెలిసేది, మోటారుకి తెలియనిది

తాడు లాగుతుంటే పైన తెర దేనికైనా తట్టుకుందనుకోండి. లాగే చేతికి వెంటనే తెలిసిపోతుంది. ‘ఏదో పట్టేసింది’ అని ఆపేస్తాం. మోటారుకి ఆ సంగతి తెలియదు. అది లాగుతూనే ఉంటుంది... ఏదో ఒకటి తెగేదాకా!

అందుకే మంచి మోటారు ఏర్పాట్లో బరువు కొలిచే సాధనం ఉంటుంది. బరువు ఉండాల్సినదానికంటే ఎక్కువైనా, తక్కువైనా మోటారు దానంతటదే ఆగిపోవాలి. పైపు పై కొసకీ కింది కొసకీ వచ్చినప్పుడు ఆపే స్విచ్చులుండాలి. ఒక బ్రేకు పనిచేయకపోతే పట్టుకోవడానికి ఇంకో బ్రేకు ఉండాలి. చేతికి అందేచోట పెద్ద ఎర్ర బటన్ ఉండాలి. కరెంటు పోతే పైపు ఉన్నచోటే నిలిచిపోవాలి. బటన్ నొక్కే మనిషికి కదిలే వస్తువు కళ్లకి కనిపిస్తూ ఉండాలి. ఇవేవీ లేకుండా వర్క్‌షాపుల్లో వాడే గొలుసు మోటారు తెచ్చి బిగించేసి ‘ఆధునికం చేశాం’ అంటే కుదరదు. వర్క్‌షాపులో బరువు లేస్తున్నప్పుడు కింద ఎవరూ ఉండకూడదన్నది నియమం. స్టేజీ మీద బరువు కింద మనుషులు ఉండటమే నియమం!

చికాగోలో ఆగిపోయిన తెర

తెర ఏదో ఒకదానికి తట్టుకుని ఆగిపోతే ఏమవుతుంది? నాటకం ఐదు నిమిషాలు ఆలస్యమవుతుంది, అంతేగా అనుకుంటాం. 1903 డిసెంబర్ 30న అమెరికాలోని చికాగో నగరంలో ఏం జరిగిందో చూడండి.

ఇరోక్వాయ్ థియేటర్ అప్పటికి తెరిచి ఐదు వారాలే అయింది. అగ్ని ప్రమాదమే జరగని భవనం అని ప్రకటనలిచ్చారు. క్రిస్మస్ సెలవులు, మధ్యాహ్నం ఆట. అందుకని హాలు నిండా తల్లులూ పిల్లలే. ఆట మధ్యలో స్టేజీ లైటు నుంచి వచ్చిన నిప్పు పైనున్న గుడ్డ తెరకి అంటుకుంది. ఇలాంటప్పుడు దించడానికే రాతినారతో చేసిన, మంటకు తట్టుకునే తెర ఒకటి పెట్టారు. దాన్ని దించారు కూడా. కానీ అది దారిలో ఉన్న సామగ్రికి తట్టుకుని మధ్యలో ఆగిపోయింది!

స్టేజీ వెనక తలుపు తెరుచుకుని నటులు బయటికి పరుగెత్తారు. చలిగాలి ఒక్కసారిగా లోపలికి తోసుకొచ్చింది. సగం దిగిన తెర కిందనుంచి మంట హాల్లోకి ఎగసింది. బయటికి పోయే తలుపులు కొన్నిటికి తాళాలు, కొన్ని తెరిచే తీరే తెలియనివి. 600 మందికి పైగా చనిపోయారు. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లూ, పిల్లలూ. ఆ ఆటలో తీగ మీద గాల్లో ఎగిరే పాత్ర వేసిన నెల్లీ రీడ్ అనే అమ్మాయి కూడా కాలిన గాయాలతో కన్నుమూసింది.

తెర ఉంది. తాడూ ఉంది. దించే మనుషులూ ఉన్నారు. అది చివరిదాకా దిగుతుందో లేదో మాత్రం ఎవరూ ముందుగా సరిగ్గా చూసుకోలేదు. అందుకే ఈ రోజుల్లో పెద్ద థియేటర్లలో మంట తెరను తరచూ దించి చూస్తారు. కొన్నిచోట్ల అయితే ప్రతి ఆటకీ ప్రేక్షకుల ముందే దించి, ఎత్తుతారు.

గాల్లో ఎగరాలంటే...

తెరలకీ లైట్లకీ ఒక లెక్క. మనుషులు వేలాడాలంటే వేరే లెక్క. ఈ తేడా తెలియక స్కూలు వార్షికోత్సవాల్లో హనుమంతుడినో, పరీనో తెర పైపుకే తాడు కట్టి ఎగరేసే సరదా అక్కడక్కడా కనిపిస్తోంది. దయచేసి ఒప్పుకోకండి.

1904లో లండన్‌లో జె.ఎం. బారీ రాసిన ‘పీటర్ పాన్’ నాటకం మొదటిసారి ఆడారు. ఎగిరే కుర్రాడి వేషం వేసింది నీనా బూసికాల్ట్ అనే నటి. వాళ్లను ఎగరేసే పని జార్జ్ కిర్బీ అనే నిపుణుడికి అప్పగించారు. ఒంటికి తొడిగే పట్టీలు, వాటికి తగిలించే తీగ, దాన్ని లాగే మనిషి... అన్నీ ఈ పని కోసమే ప్రత్యేకంగా తయారయ్యాయి. నాటకం చూసి ఇంటికెళ్లిన పిల్లలు మంచాల మీంచి ఎగరబోయి దెబ్బలు తగిలించుకున్నారట. తల్లిదండ్రులు మొరపెట్టుకుంటే, మాయ ధూళి చల్లితే తప్ప ఎవరూ ఎగరలేరన్న ముక్కను తర్వాత నాటకంలో చేర్చానని బారీయే రాసుకున్నాడు. ఎంత ముందుచూపో!

వస్తువుల్ని వేలాడదీసే ఇనుప తాడు, మోసే బరువుకి ఎనిమిది రెట్లు పడితేగానీ తెగనిదై ఉండాలన్నది స్టేజీ పనిలో వాడుకలో ఉన్న లెక్క. అంటే 100 కిలోల బరువుకి 800 కిలోలు తట్టుకునే తాడు. మనిషిని ఎగరేసేచోట అది పది రెట్లు. ‘అంత ఎందుకండీ, దండగ’ అనేవాళ్లుంటారు. ఆగి ఉన్న బరువు వేరు, ఊగే బరువు వేరు. ఉట్టి మీద కుండ కదలకుండా ఉన్నంతసేపూ తాడుకి కష్టం లేదు. పిల్లాడు ఆ ఉట్టి పట్టుకుని ఊగితేనే తెలుస్తుంది దాని బలమెంతో!

బాగుచేయడం ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలి?

హాలు కమిటీల్లో ఇప్పుడు ఆడవాళ్లూ ఉంటున్నారు. స్కూలు యాజమాన్యాల్లో, మహిళా మండళ్లలో ఉన్నారు. స్టేజీ బాగుచేయించే డబ్బు చేతికి రాగానే చాలాచోట్ల మొదట కొనేది కొత్త వెల్వెట్ తెర. తర్వాత రంగురంగుల లైట్లు. కనిపించేవి కదా మరి! తాడు కనిపించదు, చప్పట్లు తేదు. కానీ కొత్త వెల్వెట్ తెర పాతదానికంటే బరువైతే ఆ బరువు మోయాల్సింది అదే పాత తాడు.

మొదట చేయాల్సిన పని ఖర్చు లేనిది. పైన ఎన్ని పైపులున్నాయి, ఒక్కోదానికి ఎన్ని తాళ్లు, ఏం వేలాడుతోంది, ఎంత బరువు... పేపరు మీద రాసుకోవాలి. తర్వాత ఇంజనీరును పిలిచి, పైకప్పు దూలాలు ఎంత మోయగలవో చూపించుకోవాలి. మోటార్లు పెట్టాలనుకుంటే ఇది మరీ ముఖ్యం. ఎందుకంటే మోటారు, దాని సామగ్రి కలిసి పైకప్పు మీద కొత్త భారమే అవుతాయి.

రెండోది, అరిగేవి మార్చడం. తాళ్లు, ఇనుప తాళ్లు, గిలకలు, కొక్కేలు. ఇనుప తాడులో తీగలు తెగి ముళ్లలా పొడుచుకొచ్చినా, ఎక్కడైనా నలిగినా, తుప్పు పట్టినా ఇక దాన్ని నమ్మకూడదు. ఇంకో చిన్న సంగతి. ఇనుప తాడు కొసను మడిచి ‘యు’ ఆకారపు క్లిప్పులతో బిగిస్తారు. ఆ ‘యు’ వంపు మడిచిన పొట్టి కొస మీదకి రావాలి. బరువు మోసే పొడుగు తాడు మీదకి వస్తే దాన్ని నొక్కి నలిపేస్తుంది. చాలాచోట్ల ఇదే తిరగేసి బిగిస్తారు. నేనూ ఇప్పుడే నేర్చుకున్నాను!

మూడోది, ప్రతి పైపు దగ్గరా అది ఎన్ని కిలోలు మోస్తుందో పెద్ద అక్షరాలతో రాసి పెట్టడం. డెకరేషన్ వాళ్లు వచ్చి ఏదైనా తగిలించబోయేముందు ఆ అంకె చూడాలి.

ఈ మూడూ అయ్యాకే ఎదురు బరువులా, మోటార్లా అన్న ప్రశ్న. నెలకు నాలుగు ప్రోగ్రాములు జరిగే చిన్న హాలుకి ముందు తెరకీ లైట్ల పైపులకీ మోటార్లు పెట్టి, మిగతావి కదలకుండా గట్టిగా కట్టేసినా సరిపోవచ్చు. నాటకాలు ఎక్కువగా ఆడే హాలుకి చేతితో నడిచే ఎదురు బరువులే నయం కావచ్చు. అవసరాన్ని బట్టి ఎంచుకోవాలి. పక్క ఊరి హాల్లో ఉందని కాదు. ఏది పెట్టినా ఏడాదికోసారి తెలిసినవాళ్లతో పరీక్ష చేయించడం, నడిపే మనిషికి శిక్షణ ఇప్పించడం, ఎప్పుడు ఏం మార్చారో ఒక పుస్తకంలో రాయడం తప్పవు. ఆ పుస్తకం లేని హాల్లో ఎంత ఖరీదైన మోటారైనా కొన్నేళ్లకి మళ్లీ ‘నేను చేరేటప్పటికే ఉందమ్మా’ దగ్గరికే వస్తుంది!

ఆడపిల్లలు చేయగల పనే

స్టేజీ పైన తాళ్ల పని అంటే మగవాళ్లదే అనుకుంటాం. తూకం సరిగ్గా ఉంటే నూట యాభై కిలోల తెరను ఒక అమ్మాయి ఒంటిచేత్తో ఎత్తగలదని పైన చెప్పుకున్నాం కదా! కావలసింది ఓర్పు, లెక్క, వరస తప్పని పద్ధతి. సురభి కుటుంబాల్లో వేషం కట్టేవాళ్లే తెర వెనక పనీ చేయడం మామూలు విషయం. ఢిల్లీలోని నేషనల్ స్కూల్ ఆఫ్ డ్రామాలోనూ, మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ థియేటర్ ఆర్ట్స్ విభాగంలోనూ అమ్మాయిలు చదువుతున్నారు. నటన ఒక్కటే స్టేజీ కాదని, రంగాలంకరణ, లైటింగు, ఈ తాళ్ల విద్య కూడా స్టేజీయేనని మన పిల్లలకి చెబితే తప్పేముంది?

తల్లులూ... ఇవి అడగండి!

• మీ పాప డాన్సు చేయబోయే స్టేజీ పైన తాళ్లు చివరిసారి ఎప్పుడు మార్చారు? ఎప్పుడు పరీక్ష చేయించారు?

• ఒక్కో లైటుకీ బిగించిన క్లాంపు కాకుండా, అది ఊడినా పట్టుకునే గొలుసో తీగో విడిగా ఉందా?

• బ్యానర్లు, ఎల్‌ఈడీ తెరలు దేనికి తగిలిస్తున్నారు? ఆ పైపు ఎంత మోస్తుందో ఎవరికైనా తెలుసా?

• పైపులు, తెరలు కదులుతున్నప్పుడు పిల్లలు స్టేజీ మీద ఉండకుండా చూసే మనిషి ఎవరు? కదిపేముందు ‘పైన జాగ్రత్త’ అని కేక వేస్తారా?

• బయటికి పోయే తలుపులకి తాళాలు తీసి ఉన్నాయా? ఒకసారి మీరే తోసి చూడండి.

• పిల్లల్ని తాడుతో పైకి లేపే అంశం ఉందంటే, అది చేసేవాళ్లకి ఆ పనిలో అనుభవం ఉందా? లేదంటే ఆ అంశమే వద్దనండి.

ఇవన్నీ అడిగితే ‘ఈవిడకెందుకు’ అని మొహం చిట్లించేవాళ్లుంటారు. చిట్లించనివ్వండి. మూరెడు జారిన పైపును చూశాక నాకు ఆ మొహమాటం పోయింది.

మా పిల్లల ప్రోగ్రాం సంగతి చెప్పలేదు కదూ? మర్నాడు ఆ పైపును పూర్తిగా దించేసి, లైట్లు పక్కల స్టాండ్ల మీద పెట్టి జరిపించారు. వెలుగు కాస్త తక్కువే అయింది. ఫొటోలు అంత బాగా రాలేదు. ఒక్క తల్లి కూడా దాని గురించి మాట్లాడలేదు.

తర్వాత నలుగురు తల్లులం కలిసి కాగితం రాసి ఇచ్చాం. రెండుసార్లు తిరిగాం. నాలుగు నెలలకి తాళ్లు, గిలకలు మార్చారు. ఈ మధ్య ఏదో సభకని ఆ హాలుకి వెళ్లినప్పుడు స్టేజీ పక్కకి వెళ్లి చూశాను. గోడ దగ్గర ప్రతి తాడుకీ ఒక చిన్న రేకు బిళ్ల కట్టి ఉంది. దాని మీద తాడు మార్చిన తేదీ, మోసే బరువు పెయింటుతో రాశారు. అక్షరాలు వంకరగానే ఉన్నాయి. పెద్దాయన నన్ను గుర్తుపట్టి నవ్వాడు. “నేనే రాశానమ్మా. ఇప్పుడు ఎవరడిగినా చెప్పగలను” అన్నాడు.